ఖారూరా చెప్పని కబురు

గుర్దాలు పాడైతే నడుం దగ్గర నొప్పి వస్తుందని, మూత్రం తగ్గిపోతుందని మన ఇళ్ళల్లో చాలామంది అనుకుంటారు. నొప్పి లేదు, మూత్రం బాగానే వస్తోంది, ఇక మర్జ్ ఎక్కడిది అన్న ధీమా. ఈ ధీమా ఎంత ప్రమాదమో శ్రీకాకుళం జిల్లా సోంపేట చుట్టుపక్కల ఊళ్ళకు బాగా తెలుసు. అక్కడ మూడు దశాబ్దాలుగా నలభై, యాభై ఏళ్ళ మనుషులు, నిన్నటి వరకు కొబ్బరిచెట్టు ఎక్కినవాళ్ళు, జీడితోటలో పనిచేసినవాళ్ళు, ఆకలి మందగించిందనో కాళ్ళు వాచాయనో డాక్టర్ దగ్గరికి వెళ్ళి, రెండు గుర్దాలూ దాదాపు పోయాయన్న మాట విని తిరిగొచ్చారు.

ఇచ్ఛాపురం, కవిటి, కంచిలి, సోంపేట, మందస, పలాస, వజ్రపుకొత్తూరు. ఈ ఏడు మండలాల తీర ప్రాంతాన్నే ఉద్దానం అంటారు. ఉద్యానవనం అన్న మాటే జనం నోట ఉద్దానం అయ్యిందంటారు. కొబ్బరి, జీడి, పనస తోటలతో ఎండాకాలంలోనూ పచ్చగా కనబడే నేల. రమజాన్ ఈద్ నాడు మనం షీర్ ఖుర్మాలో వేసుకునే జీడిపప్పులో పలాస నుంచి వచ్చింది ఎంతో ఉంటుంది. సోంపేట పేరు దేశమంతా వినబడింది మాత్రం 2010 జులైలో. బీల భూముల్లో థర్మల్ కరెంటు ప్లాంటు వద్దని జనం తిరగబడినప్పుడు పోలీసు కాల్పుల్లో ఇద్దరు చనిపోయారు. అప్పటికే చాలా ఏళ్ళ నుంచి ఆ ఊళ్ళల్లో ఇంకో రకం చావులు జరుగుతున్నాయి. వాటికి కాల్పుల శబ్దం లేదు కాబట్టి వార్త కావడానికి ఆలస్యమయ్యింది.

1990ల నుంచి ఈ ప్రాంతంలో ప్రాక్టీసు చేసే డాక్టర్లకు ఒక వింత కనబడుతూ వచ్చింది. మామూలుగా గుర్దాలు పాడయ్యేది ఏళ్ళ తరబడి సుగర్ ఉన్నవాళ్ళకు, లేదా బీపీ అదుపులో లేనివాళ్ళకు. ఇక్కడ వస్తున్న మరీజుల్లో చాలామందికి ఆ రెండూ లేవు. ఒకే ఊరి నుంచి, కొన్నిచోట్ల ఒకే ఇంటి నుంచి ఒకరి తర్వాత ఒకరు వస్తున్నారు. చాలామంది పొలం మీద, తోటల మీద బతికేవాళ్ళే. వాళ్ళు విశాఖపట్నం కింగ్ జార్జ్ ఆస్పత్రికి చేరేసరికి డయాలసిస్ తప్ప మరో దారి ఉండేది కాదు. ఉద్దానం నుంచి విశాఖ సుమారు 200 కిలోమీటర్లు. వారానికి రెండు మూడుసార్లు డయాలసిస్ కోసం అంత దూరం వెళ్ళిరావడం కూలికి పోయే ఇంటికి సాధ్యమయ్యే పని కాదు.

ఇంత పెద్ద మర్జ్ చివరి వరకు ఎందుకు బయటపడలేదు? ఈ ప్రశ్నకు జవాబు కోసం తారీఖ్ లో కాస్త వెనక్కి వెళ్ళాలి. గుర్దాల సంగతి తెలుసుకోడానికి మనుషులు వెయ్యేళ్ళుగా దేన్ని చూస్తూ వచ్చారో తెలుసుకోవాలి.

పాతకాలంలో హకీం సాబ్ దగ్గరికి వెళితే మొదట నబ్జ్ పట్టి చూసేవారు. తర్వాత ఖారూరా తెమ్మనేవారు. ఖారూరా అంటే అరబీలో గాజు సీసా. మూత్రం సీసాలో తెస్తారు కాబట్టి ఆ పరీక్షకే ఖారూరా అన్న పేరు స్థిరపడింది. చార్మినార్ పక్కనున్న యునానీ దవాఖానాకు వెళ్ళిన పాతతరం వాళ్ళకు ఈ మాట కొత్త కాదు. ఇబ్నె సీనా (980-1037) రాసిన అల్ ఖానూన్ లో దీని గురించి పెద్ద బాబ్ ఉంది. మూత్రం పొద్దున్నే పట్టాలి, సీసా తెల్లగా స్వచ్ఛంగా ఉండాలి, జాఫ్రాన్ లాంటి రంగు పదార్థాలు తిని ఉండకూడదు, రంగు, చిక్కదనం, వాసన, నురగ, అడుగున పేరుకున్నది అన్నీ వేరువేరుగా చూడాలి. ల్యాబ్ లో శాంపిల్ ఇచ్చే ముందు ఇవాళ చెప్పే జాగ్రత్తలకు ఇవి తాతముత్తాతలు. ఈ కితాబు 12వ శతాబ్దంలో టొలెడోలో లాటిన్ లోకి వెళ్ళింది. తర్వాత కొన్ని వందల ఏళ్ళ పాటు యూరప్ వైద్యులు దీన్ని చదువుకున్నారు.

ఇబ్నె సీనా తిబ్ కు చెప్పిన నిర్వచనం కూడా గుర్తుంచుకోదగ్గది. సేహత్ ఉన్నప్పుడు దాన్ని కాపాడటం, పోయినప్పుడు తిరిగి తేవడం, రెండూ తబీబ్ పనేనన్నాడు. కాపాడటాన్ని ముందు చెప్పాడు. దీన్నే మన ఉర్దూలో హిఫ్జానె సేహత్ అంటారు. ఉర్దూ మీడియం బడుల్లో చదివినవాళ్ళకు ఈ పేరుతో ఒక పాఠం గుర్తుండే ఉంటుంది. గోళ్ళు కత్తిరించుకోవడం, నీళ్ళు కాచి తాగడం దగ్గరే ఆ పాఠం అయిపోయేది.

1827లో లండన్ గైస్ ఆస్పత్రి డాక్టర్ రిచర్డ్ బ్రైట్ ఖారూరాను ఒక అడుగు ముందుకు తీసుకెళ్ళాడు. ఒంట్లో నీరు చేరి వాచిపోయిన మరీజుల మూత్రాన్ని చెంచాలో పోసి కొవ్వొత్తి మంట మీద వేడి చేస్తే కోడిగుడ్డు తెల్లసొనలా గడ్డకట్టింది. అది ఆల్బుమిన్ అనే ప్రొటీన్. చనిపోయిన తర్వాత శరీరాన్ని కోసి చూస్తే గుర్దాలు చెడిపోయి ఉన్నాయి. మూత్రంలో ప్రొటీన్ పోతే గుర్దా చెడుతోందని అలా రుజువయ్యింది. 1950ల్లో కాగితపు పట్టీ వచ్చింది. మూత్రంలో ముంచితే రంగు మారుతుంది. చెంచా, కొవ్వొత్తి పని తప్పింది. ప్రపంచంలో ఎక్కువ చోట్ల గుర్దాల జబ్బును తొందరగా పట్టుకోడానికి ఇప్పటికీ ఇదే మొదటి పరీక్ష. ముఖ్యంగా సుగర్ ఉన్నవాళ్ళలో మొదటి అలామత్ ఇక్కడే కనబడుతుంది.

ఉద్దానంలో ఈ పట్టీ మోసం చేసింది. అక్కడి జబ్బు గుర్దాలోని జల్లెడను కాకుండా, దాని తర్వాత ఉండే సన్నని గొట్టాలను, వాటి చుట్టూ ఉన్న కండను తినేస్తుంది. జల్లెడ చాలాకాలం బాగానే ఉంటుంది కాబట్టి ప్రొటీన్ పెద్దగా పోదు. మూత్రం ధారాళంగా వస్తుంది. ఒళ్ళు వాచదు. బీపీ కూడా ఆలస్యంగానే పెరుగుతుంది. హకీం సాబ్ సీసాలో చూసినా, బ్రైట్ చెంచాలో కాచినా, నర్సమ్మ పట్టీ ముంచినా "ఏమీ లేదు, ఖైరియత్" అనే చెప్పేవారు.

ఇక్కడ పట్టిచ్చేది నెత్తురు. కండరాలు పనిచేస్తుంటే క్రియాటినిన్ అనే వ్యర్థం పుడుతుంది. దాన్ని గుర్దాలు బయటికి తోసేస్తాయి. గుర్దాలు మందగిస్తే నెత్తుటిలో అది పెరుగుతుంది. 1886లో మాక్స్ యాఫే అనే జర్మన్ శాస్త్రవేత్త క్రియాటినిన్ కు పిక్రిక్ ఆసిడ్ కలిపితే నారింజ రంగు వస్తుందని కనిపెట్టాడు. 20వ శతాబ్దం మొదట్లో ఒట్టో ఫోలిన్ ఆ రంగును బట్టి ఎంత ఉందో కొలిచే పద్ధతి తెచ్చాడు. ఇవాళ చిన్న టౌనులో ల్యాబ్ కూడా చేసే సీరం క్రియాటినిన్ పరీక్ష పుట్టుక అదే. ఖరీదైనదీ కాదు.

అయితే ఈ పరీక్షలోనూ ఒక కిటుకు ఉంది. గుర్దాల శక్తి దాదాపు సగం పోయేవరకు క్రియాటినిన్ మామూలు హద్దు దాటకపోవచ్చు. పైగా కండ తక్కువ ఉన్న సన్నని మనిషికి, ఆడవాళ్ళకు, పెద్దవయసు వాళ్ళకు ఆ అంకె తక్కువగానే ఉంటుంది. అందుకే రిపోర్టులో ఒక్క క్రియాటినిన్ చూసి సరిపెట్టుకోకూడదు. వయసు, ఆడా మగా లెక్కలోకి తీసుకుని ఈజీఎఫ్ఆర్ అనే అంకె కడతారు. గుర్దాలు ఎంత వడకడుతున్నాయో అది చెబుతుంది. 60 కన్నా తక్కువ వస్తే, మూడు నెలల తర్వాత మళ్ళీ చేసినా తక్కువే ఉంటే, అప్పుడు దీర్ఘకాలిక గుర్దాల జబ్బు అంటారు. ఒక్కసారి చేసిన పరీక్షతో తష్ఖీస్ పూర్తికాదు. విరేచనాలైన మర్నాడో, ఎండలో పనిచేసి వచ్చాకో చేయిస్తే అంకె పెరిగి కనబడొచ్చు కూడా.

ఇక జబ్బు లేని మనిషికి పరీక్షలు చేయాలన్న ఆలోచన ఎక్కడిది? 1861లో లండన్ డాక్టర్ హొరేస్ డోబెల్ ఈ మాట గట్టిగా చెప్పాడు. మనిషి మంచం పట్టాక కాదు, ఆరోగ్యంగా ఉన్నట్టు కనబడుతున్నప్పుడే వేళకు ఒకసారి పరీక్షించాలన్నాడు. వందేళ్ళ తర్వాత, 1968లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కోసం విల్సన్, యుంగ్నర్ అనే ఇద్దరు డాక్టర్లు దీనికి పది సూత్రాలు రాశారు. జబ్బు పెద్ద సమస్య అయి ఉండాలి, బయటపడక ముందు దశ ఒకటి ఉండాలి, దాన్ని పట్టే పరీక్ష జనం ఒప్పుకునేదిగా ఉండాలి, పట్టుబడ్డవాళ్ళకు ఇలాజ్ అందాలి. పదో సూత్రం ఏమిటంటే, ఇది ఒకసారి చేసి చేతులు దులుపుకునే పని కాదు, ఆగకుండా సాగాలి.

ఈ సూత్రాలు పక్కనపెట్టి కనబడ్డ పరీక్షల్లా చేయిస్తే ఏమవుతుందో దక్షిణ కొరియా చూసింది. 1999లో అక్కడ ప్రభుత్వం క్యాన్సర్ పరీక్షల పథకం మొదలుపెట్టింది. థైరాయిడ్ స్కాన్ అందులో లేదు. కానీ ఆస్పత్రులు తక్కువ ఫీజుకు అదీ కలిపి చేశాయి. 2011 నాటికి థైరాయిడ్ క్యాన్సర్ కేసులు 1993తో పోలిస్తే 15 రెట్లయ్యాయి. చనిపోయేవారి సంఖ్య మాత్రం మారలేదు. అంటే ఎన్నడూ హాని చేయని చిన్న గడ్డల కోసం వేలమంది గొంతు కోయించుకున్నారు. జబ్బు లక్షణాలు లేనివాళ్ళకు మూకుమ్మడిగా చేసే జనరల్ చెకప్ ల మీద జరిగిన అధ్యయనాలన్నీ కలిపి 2012లో, మళ్ళీ 2019లో కాక్రేన్ సంస్థ లెక్కతీసింది. వాటివల్ల చావులు తగ్గినట్టు కనబడలేదు. "ఫుల్ బాడీ ప్యాకేజీ, డెబ్బై పరీక్షలు, సగం ధర" అన్న ప్రకటన చూసినప్పుడు ఈ సంగతి గుర్తుకురావాలి. ఎక్కువ పరీక్షలు చేయిస్తే ఎక్కువ సేహత్ రాదు. తన వయసుకు, తన ఊరికి, తన పనికి తగిన పరీక్ష చేయించుకోవడమే హిఫ్జానె సేహత్.

ఉద్దానానికి తగిన పరీక్ష నెత్తుటి పరీక్ష. అది ఊరూరా వెళ్ళడానికి చాలాకాలం పట్టింది. 2007 ఏప్రిల్ లో ఆరోగ్యశ్రీ మొదట మూడు జిల్లాల్లోనే మొదలయ్యింది. వాటిలో శ్రీకాకుళం ఒకటి. పేదవాళ్ళ డయాలసిస్ ఖర్చు తర్వాత ప్రభుత్వం నెత్తిన వేసుకుంది. కానీ అది చివరి మజిలీలో అందే సహాయం. మొదటి మజిలీలో మనిషిని ఆపి నెత్తురు పరీక్షించే పని అప్పటికింకా పెద్ద ఎత్తున లేదు. 2017లో ఉద్దానం రాజకీయ నాయకుల నోటికి ఎక్కింది. ఆ జనవరిలో పవన్ కల్యాణ్ ఇచ్ఛాపురం వచ్చి మరీజుల మాటలు విన్నారు. ఆ ఏడాదే ఏడు మండలాల్లో ప్రభుత్వం లక్షమందికి పైగా క్రియాటినిన్ పరీక్షలు చేయించింది. డయాలసిస్ యంత్రాలు సోంపేట, పలాసల దాకా వచ్చాయి.

శాస్త్రీయంగా లెక్కకట్టిన అధ్యయనాలు ఆ తర్వాత అచ్చయ్యాయి. కింగ్ జార్జ్ ఆస్పత్రిలో నెఫ్రాలజిస్టుగా పనిచేసిన డాక్టర్ టి. రవిరాజు బృందం రెండువేల మందికి పైగా పెద్దలను పరీక్షించి 2019లో ఫలితం ప్రకటించింది. దాదాపు 18 శాతం మందికి గుర్దాల జబ్బు ఉంది. వాళ్ళలో నలుగురిలో ముగ్గురికి తెలిసిన కారణమంటూ ఏదీ లేదు. జార్జ్ ఇన్స్టిట్యూట్ పరిశోధకులు వేరుగా చేసిన సర్వే 2020లో వచ్చింది. వాళ్ళ లెక్కలో 21 శాతం. రెండు అధ్యయనాల్లోనూ పరీక్షించినవాళ్ళ సగటు వయసు నలభై దాటిందే. అంటే పిల్లల చదువులు, షాదీలు, ఇంటి అప్పు అన్నీ భుజాన ఉన్న ఉమర్ లో, ప్రతి ఐదుగురిలో దాదాపు ఒకరు.

ఉద్దానం ఒంటరిది కాదు. శ్రీలంకలో అనురాధపురం చుట్టుపక్కల వరి రైతుల్లో 1990ల్లోనే ఇలాంటి జబ్బు కనబడింది. మధ్య అమెరికాలోని ఎల్ సాల్వడార్ డాక్టర్లు 2002లో దీని గురించి రాశారు. అక్కడా, పక్కనున్న నికరాగువాలోనూ చెరకు తోటల కూలీలు ఎక్కువగా పోయారు. వేడి వాతావరణం, ఎండలో ఒళ్ళొంచి చేసే పని, పేదరికం అన్నిచోట్లా ఉన్నాయి. నీళ్ళలో సిలికా అన్నారు, లోహాలన్నారు, పురుగుమందులన్నారు, వడదెబ్బ అన్నారు, నొప్పి మాత్రలన్నారు. ఇదీ కారణమని ఒక్కదాని మీద వేలు పెట్టే రుజువు ఇంకా దొరకలేదు. 2019 సెప్టెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రానికి, 200 పడకల ఆస్పత్రికి శంకుస్థాపన జరిగింది. 2023 డిసెంబరు 14న అవి మొదలయ్యాయి. హిరమండలం రిజర్వాయరు నుంచి పైపుల్లో వంశధార నీళ్ళు ఉద్దానానికి తెచ్చే 700 కోట్ల రూపాయల పథకమూ అదేరోజు ప్రారంభమయ్యింది. డయాలసిస్ మీద ఉన్నవాళ్ళకు నెలకు 10,000 రూపాయల పెన్షన్ 2019 నుంచి వస్తోంది.

ఇవన్నీ కావాల్సినవే. కానీ విల్సన్, యుంగ్నర్ల పదో సూత్రం దగ్గరికి మళ్ళీ రావాలి. 2017లో ముప్పయ్యారేళ్ళుండి, రిపోర్టు బాగుందనిపించుకున్న మనిషికి ఇప్పుడు నలభై దాటింది. అతని పాత కాగితం ఇప్పటి గుర్దాల గురించి ఏమీ చెప్పదు. ఉద్దానంలో ఇంకా జరగాల్సింది ఇదే. ప్రతి ఏడాదీ, అదే మనిషికి, అదే పరీక్ష, పాత అంకె పక్కన కొత్త అంకె. ఒక అంకె ఒంటరిగా చెప్పేది తక్కువ. ఐదేళ్ళ అంకెలు వరసగా పెడితే గుర్దా నిలకడగా ఉందో జారుతోందో కనబడుతుంది.

జనం కూడా పరీక్షకు ఎందుకు జంకుతారో ఆలోచించాలి. ఒకరోజు పరీక్షకు పోతే ఆ రోజు మజ్దూరీ పోతుంది. రిపోర్టు బాగాలేదని తెలిస్తే ఇంటి పేరు బద్నామ్ అవుతుందని, పిల్లకు రిష్తా కుదరదని భయం. ఉద్దానం ఊళ్ళకు పిల్లనివ్వడానికి వెనకాడుతున్నారని పత్రికల్లో ఎన్నోసార్లు వచ్చింది. "పరీక్ష చేయిస్తే లేని జబ్బు బయటికొస్తుంది" అన్న మాట మన మొహల్లాల్లోనూ వినబడుతుంది. దీన్ని జాహిల్ మాట అని కొట్టిపారేస్తే లాభం లేదు. పట్టుబడ్డాక ఏం చేయాలో చెప్పేవాళ్ళు లేకపోతే ఆ భయంలో న్యాయం ఉంది.

నిజానికి తొందరగా పట్టుబడితే చేయగలిగింది చాలానే ఉంది. పోయిన గుర్దా తిరిగి రాదు, ఉన్నది నిలబెట్టుకోవచ్చు. బీపీని అదుపులో పెట్టడం అన్నిటికన్నా ముఖ్యం. ఉప్పు తగ్గించాలి, మన దస్తర్ఖాన్ మీద అచార్, పాపడ్ తో సహా. ఒళ్ళునొప్పులకు మెడికల్ షాపులో అడిగి కొనుక్కునే డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ లాంటి మాత్రలు మానాలి. పొలంలో, బట్టీ దగ్గర, వంటశాలలో ఎండకూ సెగకూ పనిచేసేవాళ్ళు ఈ మాత్రలు రోజూ మింగడం మరీ ప్రమాదం. లోహాలతో చేసే కుష్తాలు, ఏముందో రాసి ఉండని పొడులు తాకతు కోసం అంటూ తినకూడదు. తబీబ్ ఎవరైనా సరే, ఏ మందు రాయించుకునే ముందైనా తన క్రియాటినిన్ ఎంతో చెప్పాలి. గుర్దాలు బలహీనమైతే కొన్ని మందుల మోతాదు తగ్గించాలి. రమజాన్ రోజాలు ఉండేవాళ్ళు షాబాన్ లోనే పరీక్ష చేయించుకుని డాక్టర్ సలహా తీసుకుంటే మంచిది. మరీజుకు షరీఅత్ ఇచ్చిన రుఖ్సత్ ఇలాంటి సందర్భం కోసమే.

ఉద్దానం బయట ఉన్న మనకు ఏ పరీక్షలు? మన దేశంలో 2010 నుంచి సుగర్, బీపీ, క్యాన్సర్, గుండెజబ్బుల మీద జాతీయ కార్యక్రమం ఉంది. 30 ఏళ్ళు దాటిన అందరినీ పరీక్షించే పని 2017 నుంచి నడుస్తోంది. ఆశా కార్యకర్త ఇంటికి వచ్చి ఒక ఫారం నింపి, దగ్గరి సెంటరుకు పంపుతుంది. బీపీ, సుగర్, నోటి క్యాన్సర్, ఆడవాళ్ళకు రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ పరీక్షలు ముఫ్త్ గా చేస్తారు. పాన్, గుట్కా అలవాటున్న ఇళ్ళల్లో నోరు తెరిచి చూపించడం ఎంత అవసరమో చెప్పనక్కర్లేదు. సుగర్ గానీ బీపీ గానీ ఉన్నవాళ్ళు, ఇంట్లో ఎవరికైనా గుర్దాల జబ్బు వచ్చినవాళ్ళు, ఏళ్ళ తరబడి నొప్పి మాత్రలు వాడినవాళ్ళు, ఎండలో సెగలో పనిచేసేవాళ్ళు ఏడాదికోసారి మరో రెండు చేయించుకోవాలి. ఒకటి నెత్తుటిలో క్రియాటినిన్, ఈజీఎఫ్ఆర్ అంకెతో సహా. రెండోది మూత్రంలో ఆల్బుమిన్. రెండూ కలిపి చేయించాలి. ఒకటి చెప్పని కబురు ఇంకొకటి చెబుతుంది.

మన ఇళ్ళల్లో అబ్బాజాన్ కు ఛాతీలో మంటంటే రాత్రికి రాత్రి ఆస్పత్రికి తీసుకెళ్తాం. అమ్మీకి మాత్రం పరీక్ష అన్న ఆలోచనే రాదు. ఆమె అడగదు కూడా, "నాకేమయ్యింది, బాగానే ఉన్నాను" అంటుంది. ఉద్దానంలో కూడా చాలామంది ఈ మాటే అన్నారు. ఈసారి ఇంట్లో ఎవరి షుగర్ పరీక్షకు ల్యాబ్ కు వెళ్ళినా, నలభై దాటిన మిగతావాళ్ళ పేర్లు కూడా రాయించండి. వచ్చిన కాగితాలు పారేయకుండా తారీఖు వేసి ఒక ఫైలులో పెట్టండి. వచ్చే ఏడాది కాగితం దాని పక్కనే పెట్టి చూసుకోవాలి.